పది టన్నుల ఇంటికి ఏ ఆయిల్?

మోటార్‌హోమ్ ఉన్నవాళ్ళు ఇద్దరు ఒకచోట కలిశారంటే, ఎల్లోస్టోన్ చూశారా, గ్రాండ్ కాన్యన్‌లో ఎక్కడ దిగారు అన్న మాటలు ఓ పావుగంట నడుస్తాయి. ఆ తర్వాత ఎవరో ఒకరు అడుగుతారు: "మీరు ఏ గ్రేడు పోస్తున్నారండీ?" ఇక పొద్దు తెలీదు. బండితో ఇచ్చిన పుస్తకంలో రాసిందే పొయ్యాలని ఒక వర్గం. ఇంత బరువు లాగే బండికి చిక్కటి ఆయిలే పడాలని ఇంకో వర్గం. అమెరికాలో మనవాళ్ళు సెలవులకి ఈ బండ్లు అద్దెకి తీసుకోవడం మామూలైపోయింది, కొందరు సొంతంగా కొంటున్నారు కూడా. కాబట్టి ఈ పూట ఆ కబురే చెప్పుకుందాం.

ముందు బరువు సంగతి. ఫోర్డ్ ఎఫ్-53 చాసీ మీద కట్టిన పెట్రోలు మోటార్‌హోమ్‌నే తీసుకోండి. అక్కడ ఏ క్యాంపు గ్రౌండుకి వెళ్ళినా కనిపించేది అదే. పూర్తి బరువు 22,000 పౌండ్లంటే మన లెక్కలో పది టన్నులు. వెనక కారు తగిలిస్తే అది అదనం. ముందుభాగం నిటారుగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి చదును రోడ్డు మీద కూడా గాలిని తోసుకుంటూనే పోవాలి. కారు హైవే మీద పోతున్నప్పుడు దాని ఇంజన్ తన సత్తాలో కొద్దిభాగమే వాడుతుంది. దీనికి ఆ వెసులుబాటు లేదు. కాస్త ఎత్తు వచ్చినా గేరు దిగి, నాలుగు వేల ఆర్‌పీఎం దగ్గరికి వెళ్ళి అక్కడే ఉంటుంది. ఇంజన్ ఉండేది డ్రైవరు సీటుకీ పక్క సీటుకీ మధ్య, డాగ్‌హౌస్ అని పిలిచే మూత కింద. జులైలో ఆరిజోనా ఎక్కుళ్ళ మీద ఆ మూత పక్కన కాలు పెట్టుకుని కూర్చున్నవాళ్ళకి, లోపల ఆయిల్ ఎంత వేడిలో పనిచేస్తోందో వేరే చెప్పక్కర్లేదు.

డబ్బా మీద రెండు అంకెలుంటాయి కదా. 15డబ్ల్యూ40 అంటే, ముందున్నది చలిలో దాని నడత, వెనకున్నది వేడెక్కాక దాని చిక్కదనం. కొబ్బరినూనె సీసా డిసెంబరు పొద్దున గడ్డకట్టి, ఎండలో పెడితేగానీ కదలదు. ఇంజన్ ఆయిల్‌లో ఉండే మైనం కూడా గట్టి చలికి అలాగే పేరుకుంటుంది. అప్పుడు సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరగడమే కష్టం, తిరిగినా పంపుకి ఆయిల్ అందడం ఇంకా కష్టం. 15డబ్ల్యూ రకం ఇంజన్‌ని తిరగనిస్తుందా లేదా అని మైనస్ 20 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, 5డబ్ల్యూని మైనస్ 30 దగ్గర.

రెండో అంకెని కొలిచేది 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర. 20 గ్రేడు అక్కడ 6.9 నుంచి 9.3 సెంటీస్టోకుల (చిక్కదనానికి కొలత అది) మధ్య ఉండాలి, 30 గ్రేడు 12.5 దాకా, 40 గ్రేడు 16.3 దాకా. అసలు కిటుకు ఇక్కడుంది. ఘాట్ ఎక్కే బండిలో ఆయిల్ 100 దగ్గర ఆగదు. 130 తాకిందనుకోండి, 40 గ్రేడు కూడా పలచబడి, 100 దగ్గర 20 గ్రేడు ఎలా ఉంటుందో ఇంచుమించు అక్కడికి వచ్చేస్తుంది. మరి 20 గ్రేడుతోనే బయల్దేరినవాళ్ళకి? ఐదు సెంటీస్టోకులు అటూ ఇటూ మిగులుతుంది. క్రాంక్‌షాఫ్ట్‌కీ బేరింగుకీ మధ్య నిలబడే ఆయిల్ పొర వెంట్రుక కన్నా ఎంతో సన్నం. రెండు లోహాలూ ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా చూస్తున్నది అదొక్కటే.

అందుకే ఏ గ్రేడు మంచిదని ఎవరైనా అడిగితే, ఏ నెలలో, ఏ దారిన వెళ్తున్నారని నేను ఎదురు అడుగుతాను. ఆరిజోనాలో బుల్‌హెడ్ సిటీ దగ్గర డేవిస్ డ్యామ్ ఎక్కుడు ఉంది. కొలరాడో నది ఒడ్డున మొదలై, పదకొండు మైళ్ళకి పైగా ఎక్కీ ఎక్కీ మూడువేల అడుగుల ఎత్తు పెరుగుతుంది. అమెరికాలో బండ్లు ఎంత బరువు లాగగలవో తేల్చే ఎస్‌ఏఈ జె2807 పరీక్షకి కొలబద్ద ఆ కొండే. బయట 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ, లోపల ఏసీ పూర్తిగా వేసి ఎక్కాలి. అటువైపు ఆగస్టులో వెళ్ళే బండికీ, అక్టోబరులో ఫ్లోరిడా చదును రోడ్ల మీద తిరిగే బండికీ ఒకటే జవాబు ఎలా చెప్తాం?

ఇప్పుడు అందరూ కొట్టుకునే వీ10 దగ్గరికి వద్దాం. ఎఫ్-53లో ఏళ్ళ తరబడి వచ్చిన 6.8 లీటర్ల ట్రైటన్ ఇంజన్ అది. మొదట్లో దాని పుస్తకంలో 5డబ్ల్యూ30 అని ఉండేది, తర్వాత 5డబ్ల్యూ20 అయింది. ఆ మార్పు వెనక పెట్రోలు పొదుపు లెక్కలున్న మాట నిజమే. అంతమాత్రాన 5డబ్ల్యూ20 పోసిన ఇంజన్లన్నీ పాడైపోయాయనడం అన్యాయం. వారంటీ ఉన్నన్నాళ్ళు పుస్తకం మాటే వినండి. వారంటీ దాటి, ఎండాకాలం కొండదారులే మీ దారులైతే 5డబ్ల్యూ30కి వెళ్ళడం సబబని నా అభిప్రాయం. పెద్ద బండి కదా అని అందులో డీజిల్ లారీ ఆయిల్ 15డబ్ల్యూ40 మాత్రం పొయ్యకండి. ఆ ఇంజన్‌లో టైమింగ్ చైన్లని బిగించి ఉంచే టెన్షనర్లు ఆయిల్ ఒత్తిడి మీద పనిచేస్తాయి, క్యామ్‌షాఫ్టులు పైన తలకట్టులో ఉంటాయి. చలిపొద్దున చిక్కటి ఆయిల్ అక్కడిదాకా చేరడం ఆలస్యమైతే, స్టార్ట్ చేసిన ప్రతిసారీ అరుగుదలే.

డీజిల్ బండ్లది వేరే లోకం. ఇంజన్ వెనక ఉండే పెద్ద కోచ్‌లని పుషర్లంటారు. వాటిలో ఎక్కువగా ఉండేది కమ్మిన్స్ ఇంజన్. వీటికి 15డబ్ల్యూ40 నప్పుతుంది. మన టాటా లారీల్లో పోసే గ్రేడు కూడా అదేనండి. చుట్టరికం కూడా ఉంది: 1993లో మొదలైన టాటా కమ్మిన్స్ జంషెడ్‌పూర్‌లో తయారుచేసే ఆరు సిలిండర్ల ఇంజన్లూ, అమెరికాలోని చాలా పుషర్లలో ఉండే కమ్మిన్స్ ఐఎస్‌బీ ఇంజన్లూ ఒకే బీ-సిరీస్ సంతానం. మన తెలుగునాట మైనస్ 20 అన్న మాటే రాదు కనుక ఏడాది పొడుగునా 15డబ్ల్యూ40తో గడిచిపోతుంది. అక్కడ నార్త్ డకోటాలో జనవరి పొద్దున బయల్దేరి, చలి తప్పించుకోవడానికి ఆరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్ ఎడారికి చేరేవాళ్ళుంటారు. వాళ్ళకి 5డబ్ల్యూ40 సింథటిక్ మేలు. ఆ చలికీ, దారిలో ఎక్కే కొండలకీ రెండింటికీ నిలుస్తుంది. రాత్రే బ్లాక్ హీటర్ ప్లగ్గు పెట్టుకుంటే ఇంకా మంచిది.

గ్రేడుతోపాటు సర్వీసు ముద్ర కూడా చూడాలి. 2016 డిసెంబరు నుంచి డీజిల్ ఆయిళ్ళలో సీకే-4, ఎఫ్ఏ-4 అని రెండు తరగతులొచ్చాయి. సీకే-4 పాత ఇంజన్లకీ పనికొస్తుంది. ఎఫ్ఏ-4 పలచన, దాన్ని అనుమతించిన కొత్త ఇంజన్లకి మాత్రమే. డబ్బా మీద గుండ్రటి ఏపీఐ ముద్రలో కుడిపక్క ఎర్రరంగు ఉందంటే అది ఎఫ్ఏ-4. మీ పుస్తకంలో ఆ పేరు లేకపోతే, ఎంత చవగ్గా ఇస్తానన్నా తీసుకోకండి.

ఇంకో సంగతి, గ్రేడు గొడవలో పడి చాలామంది పట్టించుకోనిది. పుషర్‌లో ఆయిల్ ఇరవై లీటర్లు దాటడం మామూలే. వెనక తలుపెత్తి, పొడవాటి డిప్‌స్టిక్ లాగి చూసి, "ఓ లీటరు ఎక్కువైతే ఏమవుతుంది" అని పోసేస్తారు. ఎక్కువైన ఆయిల్ క్రాంక్ తిరుగుడుకి చిలికి, ఆవిరి గొట్టం గుండా తుంపర్లై బయటికొస్తుంది. రేడియేటర్ కూడా వెనకే ఉన్న బండ్లలో ఆ తుంపర వెళ్ళి దాని రెక్కల మీద పడుతుంది. దాని మీద రోడ్డు దుమ్ము అంటుకుని మందంగా పేరుకుపోతుంది. అప్పుడు గాలి ఆడదు. కొండెక్కేటప్పుడు ఇంజన్ కాగిపోతుంది, ఆయిల్ ఇంకా పలచబడుతుంది. అంత జాగ్రత్తగా ఎంచిన గ్రేడు అక్కడితో వృథా. ఆయిల్ మార్చిన రోజున, పుస్తకంలో చెప్పినన్ని లీటర్లే కొలిచి పోసి, చదును నేల మీద బండి నిలిపి, డిప్‌స్టిక్ మీద మట్టం ఎక్కడికొచ్చిందో గీత పెట్టుకోండి. కొన్ని కోచ్‌లలో కంపెనీ గీతకీ దీనికీ పొంతన కుదరదు. అప్పుడు మీరు కొలిచి పెట్టిన గీతనే నమ్మండి.

ఈ బండ్లు తిరిగే రోజులకన్నా షెడ్డులో ఉండే రోజులే ఎక్కువ. మైళ్ళు తిరగలేదు కదా అని ఆయిల్‌ని అలాగే ఉంచకూడదు. వాడేసిన ఆయిల్‌లో మసి, ఆమ్లాలు, తేమ ఉంటాయి. శీతాకాలమంతా బేరింగుల మీద అవి కూర్చోవడం ఎందుకు? బండి పక్కన పెట్టేముందే మార్పించండి, కనీసం ఏడాదికొకసారి. వారానికోసారి పది నిమిషాలు ఊరికే ఆన్ చేసి ఆపెయ్యడం మేలు కన్నా కీడే చేస్తుంది. ఆయిల్ పూర్తిగా కాగదు, తేమ పోదు, ఇంకాస్త చేరుతుంది. తీస్తే రోడ్డు మీదికి తీసి ఓ అరగంటైనా నడపండి, లేదంటే ముట్టుకోకండి.

ఈ వేసవి ప్రయాణానికి ముందు మీ హ్యాండ్‌బుక్‌లో గ్రేడుకి ఎదురుగా బయటి ఉష్ణోగ్రతలు వేసిన పట్టిక ఉందేమో వెతకండి. ఉంటే ఫొటో తీసి ఫోనులో ఉంచుకోండి. మీరు ఎక్కబోయే కొండల దగ్గర ఆ నెలలో ఎండ ఎంతుంటుందో చూసి దానితో పోల్చుకోండి. ఆయిల్ మార్చే షాపులో డ్రమ్ములోంచి పోస్తామంటే ఒప్పుకోకండి. సీలున్న డబ్బాలు మీ ఎదురుగా విప్పి పొయ్యమనండి.