నేపుల్స్‌లో ఏం తిన్నాం?

రోము, వెనిసు, ఫ్లోరెన్సు చూసి వచ్చినవారు మన సంఘంలో చాలామందే ఉన్నారు. వాళ్ళు చెప్పే కబుర్లలో చర్చిలుంటాయి, శిల్పాలుంటాయి, పడవలుంటాయి. "మరి అక్కడ ఏం తిన్నారండీ?" అని అడిగితే మాత్రం, మొదటిరోజు పులిహోర పొట్లం, తరువాత బ్రెడ్డూ అరటిపళ్ళూ అని తేలుతుంది. అందుకని ఈసారి మేము చర్చిల జోలికి పోకుండా, మే నెలలో నేపుల్స్ నగరంలో గడిపిన నాలుగు రోజుల తిండి సంగతి మాత్రమే రాస్తున్నాం.

మేమంటే మేమిద్దరం, మాతో అమ్మ. మాలో ఒకరికి కన్నతల్లి, ఒకరికి అత్తగారు. పిలవడం మాత్రం ఇద్దరమూ "అమ్మా" అనే. మండపేట దగ్గర పల్లెటూరు, డెబ్బై ఒకటో ఏడు. నాన్నగారి సంవత్సరీకాలు అయ్యాక మా దగ్గరకు ఇంగ్లండు వచ్చింది. మాంసం, చేప ముట్టదు. వెల్లుల్లి కార్తీకంలో తప్ప తింటుంది. ఇక్కడి కేకుల్లో గుడ్డు ఉంటుందని చెప్పినప్పుడు రెండు రోజులు ఆలోచించి, "పిండిలో కలిసిపోయింది కదా, పోనీలే" అని సర్దుకుంది. అంతకు మించి సర్దుకోదు. ఇది ముందుగా చెప్పకపోతే తరువాతి కథ మీకు అర్థం కాదు.

లండను నుంచి విమానంలో మూడు గంటల లోపే నేపుల్స్. ఒక పక్క సముద్రం, ఒక పక్క వెసూవియస్ కొండ, మధ్యన బెజవాడ వన్‌టౌన్ లాంటి సందులు. బాల్కనీల మధ్య ఆరేసిన బట్టలు, సందులోనే స్కూటర్లు, సందులోనే కూరగాయలు. అమ్మ దిగీదిగగానే "ఇదేమిటర్రా, మన ఊళ్ళాగే అరుస్తున్నారు!" అని సంతోషించింది. పిజ్జా, పాస్తా, పొమొదోరో - అన్నీ అచ్చులతో ముగిసే మాటలే. మన భాషను తూర్పుదేశపు ఇటాలియన్ అంటారన్న మాట చిన్నప్పటినుంచి వింటున్నదే గాని, ఆ సందులో నిలబడి వింటే కొంచెం నమ్మబుద్ధయింది.

మొదటి రాత్రి పిజ్జా. రైల్వే స్టేషనుకు నడిచి వెళ్ళేంత దూరంలో వియా చెజారె సెర్సాలె అనే వీధిలో "దా మికేలె" ఉంది. 1870లో పెట్టిన దుకాణం. గుమ్మం దగ్గర నెంబరు చీటీ తీసుకుని రోడ్డు మీద నిలబడాలి. రేషన్ షాపు గుర్తొచ్చింది. చాలాకాలం పాటు వీళ్ళు చేసింది రెండే రకాలు: మార్గెరీతా, మరినారా. ఇప్పటికీ జనం ఎగబడేది ఆ రెంటికోసమే. మార్గెరీతాలో టమాటా, జున్నులాంటి మొజరెల్లా, తులసికి చుట్టమైన బాసిల్ ఆకు ఉంటాయి. 1889లో ఇటలీ రాణి మార్గెరీతా ఊరికి వచ్చినప్పుడు చేసిపెట్టినందుకు ఆ పేరు వచ్చిందని కియాయా వీధి పక్కనున్న "బ్రాందీ" అనే మరో దుకాణం గోడమీద రాయి చెక్కించి పెట్టుకున్నారు. (దుకాణం పేరు చూసి కంగారుపడకండి. అది ఇంటిపేరు.) చరిత్రకారులు ఈ కథను అంతగా నమ్మరు.

మాకు అవసరమైనది రెండోది. మరినారా అంటే నావికుల పిజ్జా. పేరు చూసి చేపలుంటాయని భయపడనక్కర్లేదు. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో ఆకు, నూనె, అంతే. చీజు ఉండదు. ఇది మన శాకాహారులు గట్టిగా గుర్తుపెట్టుకోవలసిన సంగతి. ఎందుకంటే ఇటలీలో చాలా చీజులకు పాలు విరగ్గొట్టేది దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో. పాస్తా మీద చల్లే పార్మిజానో చీజుకైతే అదే వాడాలని నిబంధన కూడా ఉంది. ఇంగ్లండులో లాగా పొట్లం మీద "శాకాహారం" అన్న ముద్ర చూసుకునే వీలు హోటల్లో ఉండదు. కనుక అమ్మకు మరినారా, మాకు మార్గెరీతా.

నేపుల్స్ పిజ్జా పిండిలో కొవ్వు కలపరు. పిండి, నీళ్ళు, ఉప్పు, ఈస్టు మాత్రమే. చేత్తో సాగదీసి, నాలుగువందల డిగ్రీలు దాటిన కట్టెల పొయ్యిలో తోస్తే నిమిషం, నిమిషంన్నరలో బయటికి వస్తుంది. 1984లో పెట్టుకున్న సంఘం ఒకటి ఈ పద్ధతులన్నీ రాసిపెట్టింది. 2017లో యునెస్కో వారు నేపుల్స్ పిజ్జా చేసేవాళ్ళ విద్యను మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చారు. పళ్ళెం అంచులు దాటే పిజ్జా, మనిషికొకటి. ముక్కలు కోసివ్వరు, మనమే కోసుకోవాలి. అమ్మ అంచు విరిచి టమాటాలో ముంచుకుని, "పుల్కా మీద టమాటా పచ్చడి వేసినట్టుంది. కారం ఒక్కటే తక్కువ" అంది.

టమాటా, మిరపకాయ రెండూ అమెరికా ఖండం నుంచే వచ్చాయనీ, కొలంబసుకు ముందు వీళ్ళకీ మనకీ కూడా ఆ రెండూ తెలియవనీ చెప్పాం. నమ్మలేదు. "మరి గోదావరి జిల్లా వాళ్ళు అప్పుడు ఏం తిని బతికార్ట?" అంది. మిరియాలతో అని చెబితే, పాపం అని జాలిపడింది.

రెండోరోజు పిన్యసెక్కా బజారుకు వెళ్ళాం. వియా తొలేదో అనే పెద్దవీధి దాటి మోంతెసాంతో స్టేషను వైపు నడిస్తే తగులుతుంది. చేపలు, నిమ్మకాయలు, టమాటాలు, వాటి మధ్య బాణళ్ళు. ఇక్కడివాళ్ళు మనలాగే వీధిలో నిలబడి నూనె పిండివంటలు తినేవాళ్ళు. గుమ్మడిజాతి పూలను పిండిలో ముంచి వేయిస్తారు, అచ్చంగా మన పూల బజ్జీ. పులిసిన పిండిని ముద్దలుగా వేయించే జెప్పొలె మన పునుగులకు చుట్టం. కాని వీటిల్లో కొన్నిచోట్ల చేపముక్క పెడతారు. బంగాళాదుంప బోండాల్లో చీజు ఉంటుంది, ఒక్కోసారి మాంసమూ ఉంటుంది. పైగా అదే బాణలిలో చేపలు వేయించేవాళ్ళూ ఉన్నారు. అందుకని మేము ముందు బాణలి చూసి, తరువాత మనిషిని అడిగి, ఆ తరువాతే అమ్మకు పెట్టాం. మూడో దుకాణంలో కుదిరింది. మా జాగ్రత్త చూసి మాకే ముచ్చటేసింది.

అక్కడే నిమ్మరసం బడ్డీ ఒకటి కనపడింది. పెద్ద నిమ్మకాయ పిండి, సోడానీళ్ళు పోసి, పైన చిటికెడు వంటసోడా వేస్తాడు. బుస్సున పొంగుతుంది. కాళ్ళు ఎడంగా పెట్టి, ముందుకు వంగి గబగబా తాగాలి, లేకపోతే చీరంతా తడుస్తుంది. కాళ్ళు ఎడంచేసి తాగే నిమ్మరసమనే దాన్ని పిలుస్తారు. అమ్మ గోళీసోడా తాగిన అనుభవంతో మాకంటె బాగా తాగింది.

ఆ సందుల్లోనే ఒక చిన్న పూటకూళ్ళ ఇంటిలాంటి హోటల్లో మధ్యాహ్నం భోజనం. వెల్లుల్లి, నూనె, ఎండుమిరప తాలింపుతో స్పగెట్టి. చీజు చల్లవద్దని ముందే చెప్పాం. పక్కన ఫ్రియరియెల్లి అనే కొంచెం చేదు ఆకుకూర. ఆవాల మొక్క జాతి. దాన్ని మామూలుగా సాసేజితో పెడతారు గాని, కూర ఒక్కటే ఇమ్మంటే ఇస్తారు. అమ్మ ఆ ఆకు పేరు రాసిపెట్టమంది.

ఇక మిఠాయి సంగతి. నేపుల్స్ వెళ్ళి స్ఫోల్యతెల్లా తినకుండా వచ్చిన మనిషి లేడు. శంఖం ఆకారంలో, కాగితాల్లాంటి పొరలతో, లోపల రవ్వ, రికోత్తా అనే పాలవిరుగు, దాల్చినచెక్క, పాకంలో ఊరిన నారింజ తొక్క. అమాల్ఫీ తీరంలోని ఒక సన్యాసినుల మఠంలో పుట్టిందనీ, 1818లో పింతౌరో అనే ఆయన వియా తొలేదోలో అమ్మడం మొదలుపెట్టాడనీ చెబుతారు. మేము తిన్నది మా బసకు దగ్గరలోని వేరే దుకాణంలో. వేడివేడిగా చేతిలో పెట్టాడు. అమ్మ ఒక పొర విరిచి చూసి, "ఇది మన తాపేశ్వరం మడతకాజాకి అక్కచెల్లెలే" అంది. నాన్నగారు మండపేట నుంచి వచ్చేటప్పుడల్లా తెచ్చే కాజాల పొట్లం సంగతి, ఆయన పోయాక మొదటిసారి నవ్వుతూ చెప్పింది. రెండు తింది. మర్నాడు పొద్దున్న తనే దారి చూపించి తీసుకెళ్ళి మరి రెండు తింది.

ఆ సాయంత్రం తరాల్లి కొన్నాం. బాదం, మిరియాలు వేసిన చేగోడీల్లాంటివి. నోట్లో పెడితే కరిగిపోతున్నాయి. ఇంత గుల్లగా రావడానికి ఏం వేస్తారని దుకాణంవాణ్ణి అడిగాం. "సూన్యా" అన్నాడు. మాకు శూన్యం అని వినిపించి, ఏమీ వెయ్యరు కాబోలు అనుకున్నాం. మా మొహాలు చూసి అతను తన నడుం దగ్గర కండ పట్టి చూపించి, పందిలాగా గుర్రుమన్నాడు. పందికొవ్వు! తరాల్లి పొట్లం అక్కడే వదిలేసి బసకు వచ్చాం. అదృష్టవశాత్తు అమ్మ ఇంకా నోట్లో పెట్టలేదు.

కాని ఒక అనుమానం పట్టుకుంది. బసలో ఇంటావిడని విడిగా అడిగాం, స్ఫోల్యతెల్లా పొరలు దేనితో విడతాయని. "పందికొవ్వుతోనే, మరింక దేనితో?" అంది ఆవిడ, అమాయకంగా. పాతకాలం నుంచీ ఉన్న పద్ధతి అదేనట. దుకాణంవాడి తప్పు లేదు. చీజు అడిగాం, బాణలి చూశాం, చేపముక్క వెతికాం. మిఠాయిని మాత్రం అడగలేదు. మిఠాయిలో ఏముంటుందిలే అనుకున్నాం.

ఆ రాత్రి మాకు నిద్రలేదు. చెప్పాలా, వద్దా? తెలియక తిన్నదానికి దోషం లేదు కదా, చెప్పి ఆవిడ మనసు పాడుచెయ్యడం ఎందుకని ఒకరం. పొద్దున్నే మళ్ళీ ఆ దుకాణానికే పోదామంటుంది, అప్పుడేం చేస్తామని ఒకరం. దుకాణం మూసేశారని అబద్ధం చెప్పవచ్చు. గుడ్డుకు సర్దుకోలేదా, దీనికీ సర్దుకుంటుందిలే అనుకోవచ్చు. కాని గుడ్డు సంగతి ఆవిడకు చెప్పాం, ఆలోచించుకుని తనే ఒప్పుకుంది. ఇది ఆవిడ ఒప్పుకున్నది కాదు. ఆ తేడా ఎటు తిప్పినా పోలేదు.

పొద్దున్న సముద్రపు ఒడ్డున బెంచీ మీద కూర్చోబెట్టి చెప్పాం. చాలాసేపు వెసూవియస్ వైపు చూస్తూ కూర్చుంది.

"ఎన్ని తిన్నాను?"

"నాలుగమ్మా."

"నాకు ఇక్కడి భాష రాదు. మీరు చేతిలో పెట్టింది తిన్నాను. అడగవలసింది మీరు కదర్రా" అంది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది. మధ్యాహ్నం భోజనం వద్దంది. నిమ్మరసం మాత్రం తాగింది.

సాయంత్రం కాఫీకి బయలుదేరాం. సాన్ కార్లో నాటకశాల ఎదురుగా 1860 నాటి గంబ్రీనుస్ కాఫీహోటలు ఉంది. అద్దాలు, బొమ్మలు, బంగారు పూతలు. బల్ల దగ్గర కూర్చుంటే ధర ఎక్కువ, కౌంటరు దగ్గర నిలబడి తాగితే తక్కువ. ముందు గ్లాసుడు మంచినీళ్ళు, తరువాత రెండు గుక్కల చిక్కటి కాఫీ. ఇక్కడ "కఫే సొస్పేసో" అని పాత ఆచారం ఒకటి ఉంది. మనం తాగిన కాఫీతోపాటు ఇంకొకదానికి డబ్బు కట్టి వెళ్ళిపోతాం. ఆ తరువాత డబ్బులేని వాడెవడైనా వచ్చి, సొస్పేసో ఉందా అని అడిగి తాగిపోతాడు. కట్టినవాడికీ తాగినవాడికీ ముఖపరిచయం ఉండదు. అమ్మ ఇదంతా విని, "పేరు రాయించుకోరా?" అని అడిగింది. రాయించుకోరన్నాం. "అలాగైతే రెండింటికి కట్టండి" అంది. నాన్నగారు పూటకు రెండు కాఫీలు తాగేవారు. మేమేమీ అడగలేదు, కట్టాం. ఆ రాత్రి మరినారా పిజ్జా మొత్తం తింది.

వెళ్ళదలచిన వారికి నాలుగు మాటలు. మధ్యాహ్నం భోజనం పన్నెండున్నర తరువాత, రాత్రి భోజనం ఏడున్నర, ఎనిమిది తరువాత. బిల్లులో "కొపెర్తో" అని మనిషికింత వేస్తారు, అది బల్లకూలి. మోసం కాదు. పందికొవ్వుకు "స్ట్రుత్తో" అన్నా "సూన్యా" అన్నా ఒకటే. "సెన్సా స్ట్రుత్తో?" అంటే అది లేకుండానా అని అడిగినట్టు. "సెన్సా ఫొర్మాజ్జో" అంటే చీజు లేకుండా. పెద్దవాళ్ళను తీసుకువెళ్ళేటప్పుడు ఈ మాటలు పిజ్జా దగ్గరే కాదు, మిఠాయి దగ్గరా, బిస్కత్తు దగ్గరా కూడా అడగండి. ఏది తినాలో వాళ్ళనే తేల్చుకోనివ్వండి.

అన్నట్టు, మొన్న దసరా సమావేశంలో మేము తెచ్చిన మడతకాజాలు చాలామంది తిన్నారు. లోపల రవ్వ, పాలవిరుగు, దాల్చినచెక్క ఎందుకున్నాయని, ఇదెక్కడి కాజా అని ముగ్గురు నలుగురు అడిగారు. ఇదీ దాని కథ. అమ్మ వారం రోజులపాటు ప్రయత్నించి చేసింది. పొరలకు వేసింది నెయ్యి. మీరు అడగకుండానే చెబుతున్నాం.