మందు సంకలో పెట్టుకుని చూస్తూ నిలబడే జతగాడు

యాక్షన్ ఆర్‌పీజీలనే కంప్యూటర్ ఆటల్లో ఆడేవాడు ఒక వీరుణ్ణి మాత్రమే స్వయంగా నడుపుతాడు. ఆ వీరుడి వెంట కత్తి పట్టి, మంత్రం పట్టి వచ్చే ఇద్దరు ముగ్గురు జతగాళ్లను యంత్రమే నడుపుతుంది. వేళకు చికిత్స చేయడం, దెబ్బ పడే చోటి నుంచి తప్పుకోవడం, నాయకుడు ఎంచుకున్న శత్రువు మీదకే తామూ వెళ్లడం ఆ జతగాళ్ల పని. దాన్ని వాళ్లు అధ్వానంగా చేస్తారన్నది ఆటగాళ్ల పాత ఫిర్యాదే అయినా, ఎందుకలా చేస్తున్నారో ఆటగాడికి కనిపించకుండా మూతవేసే ధోరణి తరువాత వచ్చింది, చికాకు పుట్టించేదీ అదే.

ఈ సంగతి పరిశీలించడానికి ఎంచుకున్న చోటు విశాఖపట్నం కంచరపాలెంలో, ప్రభుత్వ పాలిటెక్నిక్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఓ చిన్న గేమింగ్ సెంటర్. 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ సినిమా వచ్చాక ఈ పేట పేరు తెలుగునాట అందరి నోటా పడింది గాని, పారిశ్రామికవాడ, ఐటీఐ, పాలిటెక్నిక్ పక్కపక్కనే ఉన్న ఈ చోట చేతిపని నేర్వడం ఆ సినిమా కంటే చాలా పాతది. సెంటర్‌లో వర్ణించదగ్గది పెద్దగా లేదు. చూడవలసింది కిటికీ పక్కన కూర్చున్న ఒక ఎలక్ట్రికల్ డిప్లొమా విద్యార్థి చేతులు.

అతని పక్క కుర్చీలోని కుర్రవాడు అప్పటికే రెండుసార్లు ఓడి, “ఏట్రా ఈడు? మందు సంకలో ఎట్టుకుని, నాను సచ్చిపోతంటే సూస్తన్నాడు” అని తెరమీది జతగాణ్ణి తిడుతున్నాడు. విద్యార్థి తల తిప్పకుండానే “ఆడికి నువ్వేటి సెప్పావో ముందు సూడు” అని, అతని చేతిలోని కంట్రోలర్ తీసుకున్నాడు.

ఆట ‘ఫైనల్ ఫ్యాంటసీ 12’. జపాన్‌కు చెందిన స్క్వేర్ ఎనిక్స్ 2006లో ప్లేస్టేషన్ 2 కోసం విడుదల చేసిన దీనికి, మెరుగుపరిచిన రూపం 2018లో కంప్యూటర్లకు వచ్చింది. కచ్చితంగా చెప్పాలంటే ఇది పూర్తి యాక్షన్ ఆట కాదు, అయినా పోరు ఆగకుండా సాగుతుంది కాబట్టి జతగాళ్ల తెలివి మీదే గెలుపు ఆధారపడుతుంది. వాళ్లను నడిపేది గ్యాంబిట్ అనే ఏర్పాటు: ఒక్కో వరుసలో ఎవరి మీద, ఏ స్థితిలో అన్నది ఒక పక్క, చేయవలసిన పని మరో పక్క ఉంటాయి; జతగాడు పై నుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, కుదిరిన మొదటి వరుసను అమలు చేసి, మిగతావాటిని వదిలేస్తాడు.

తెరమీద మొదటి వరుస నాయకుడు కొడుతున్న శత్రువు మీద దాడి, రెండోది కనిపించిన ఏ శత్రువు మీదైనా దాడి, మూడోది ప్రాణశక్తి సగానికి పడిపోయిన మిత్రుడికి చికిత్స. ఎదుట ఒక్క శత్రువు నిలిచి ఉన్నంతసేపూ రెండో వరుస దగ్గరే చూపు ఆగిపోతుంది గనుక, మిత్రుడు చచ్చినా మూడోదాని వంతు రాదు. రబ్బరు అరిగిన మీట మీద విద్యార్థి బొటనవేలు రెండుసార్లు కదిలింది, మూడో వరుస మొదటికి చేరింది. తిట్లు తిన్న జతగాడిలో లోపమేమీ లేదు. రాసిన వరుస ప్రకారమే అతడు మెలిగాడు.

కర్మాగారాల్లో కన్వేయర్లను, మోటార్లను నడిపించే పీఎల్‌సీ అనే నియంత్రణ యంత్రానికి రాసే లాడర్ లాజిక్‌తో దీనికి పోలిక ఉంది. నిచ్చెనమెట్లలా పేర్చిన షరతులను ఆ యంత్రమూ పై నుంచి కిందికే చదువుతుంది. కాకపోతే అది అన్ని మెట్లూ చదివి మళ్లీ మొదటికొస్తుంది, గ్యాంబిట్ కుదిరిన మెట్టు దగ్గరే ఆగుతుంది. ఉక్కు నగరంలో ఎలక్ట్రికల్ చదివే కుర్రవాడికి ఆ తేడా వేలికొసల్లోనే తెలియడం ఆశ్చర్యం కాదు, అయితే ఒక వినోదం ఇంతటి పాఠం చెప్పగలిగిందన్నది మాత్రం మెచ్చుకోదగ్గది.

ఆ పాఠమే ఇప్పుడు పలచబడుతోంది. ‘డ్రాగన్ ఏజ్’ వరుసలో 2009 నాటి ‘ఆరిజిన్స్’ జతగాళ్లకు షరతులు రాసే పట్టికను ఆటగాడి చేతికిచ్చింది, 2014 నాటి ‘ఇంక్విజిషన్’లో ఆ పట్టిక కుదించుకుపోయింది, 2024లో వచ్చిన ‘ది వీల్‌గార్డ్’లో జతగాళ్లకు ప్రాణశక్తే లేదు, వాళ్లను కాపాడుకోవలసిన పనీ లేదు. తయారీదారుల వైపూ ఒక న్యాయం ఉంది: జతగాడే బాగా పోరాడితే ఆడేవాడు ప్రేక్షకుడైపోతాడు, అందుకే 2020 నాటి ‘ఫైనల్ ఫ్యాంటసీ 7 రీమేక్’లో ఆటగాడు నడపని పాత్రకు, ప్రత్యేక చర్యలకు కావలసిన శక్తి నెమ్మదిగా నిండేలా పగ్గం వేశారు. పగ్గం వేయడంలో తప్పు లేదు, దాని కొస ఆటగాడికి అందకుండా చేయడమే తప్పు. మరమ్మతు చేయదగిన పొరపాటును తిట్టుకోవలసిన పొరపాటుగా మార్చడం మెరుగుదల అనిపించుకోదు.

కంచరపాలెంలో ఆ సాయంత్రం కుర్రవాడు మరో మూడు పోరాటాలు చేశాడు. మొదటి రెండింటిలో జతగాడు వేళకు చికిత్స చేశాడు. మూడోదాంట్లో మంత్రశక్తి అయిపోయి చేయలేకపోయాడు. అందుకు వరుస ఇంకా రాయలేదు.