నీమ్రానా: కోటకు మళ్ళీ కాపురం వచ్చింది

ఢిల్లీ నుంచి జైపూర్ హైవే మీద సుమారు 120 కిలోమీటర్లు వెళితే నీమ్రానా వస్తుంది. దారి పొడవునా ఫ్యాక్టరీలు, జపాన్ కంపెనీల బోర్డులు. పక్కకు తిరిగి ఊళ్ళోకి వెళ్ళాక, ఆరావళి కొండవాలును పట్టుకుని అంచెలంచెలుగా పైకి ఎక్కిన కోట కనిపిస్తుంది. 1464లో మొదలైన కట్టడం. పృథ్వీరాజ్ చౌహాన్ వారసులమని చెప్పుకునే చౌహాన్ రాజులది.

1947లో అప్పటి రాజా రాజిందర్ సింగ్ కొండ దిగి విజయ్‌బాగ్‌కు మకాం మార్చారు. అప్పటికే కోట ముందువైపు శిథిలమవుతోంది. ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్ళు పట్టించుకునే దిక్కు లేదు. షెఖావతీ హవేలీల గోడబొమ్మల మీద పుస్తకం కోసం తిరుగుతున్న అమన్ నాథ్, ఫ్రాన్సిస్ వాక్జియార్గ్ 1977లో దీన్ని చూశారు. 1986లో కొన్నారు, 1991లో కొద్దిపాటి గదులతో హోటల్ తెరిచారు. ఒక వంక అతిథులు దిగుతుంటే మరో వంక మరమ్మతులు సాగాయి. ఇప్పుడు గదులు డెబ్బై దాటాయి.

వాళ్ళు చేసిన గొప్ప పని, నా లెక్కన, కోటను హోటల్‌లా మార్చకపోవడం. ఏ రెండు గదులూ ఒకేలా ఉండవు. ఒకదానికి జాలీ కిటికీ, ఇంకొకదానికి సొంత డాబా. ఇరుకు మెట్లు ఎక్కి, మలుపు తిరిగి, తల వంచి గుమ్మం దాటితే ఎదురుగా ఎండ నిండిన ముంగిలి. ఆ గుమ్మాన్ని ఎత్తు చేసి ఉంటే ముంగిలి అంత విశాలంగా అనిపించేది కాదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మాత్రం కింది అంచెలో గది అడగాలి, ఎక్కడం దిగడం తప్పదు.

ఈ ప్రాంతానికి వచ్చాక దాల్ బాటీ తినకుండా వెళ్ళకూడదు. నిప్పుల మీద కాల్చిన గోధుమపిండి ఉండను చేత్తో చిదిమి, పైన నెయ్యి ధారగా పోసి, పప్పు కలుపుకుంటారు. పక్కన తీపికి చూర్మా. నెయ్యి దగ్గర మొహమాటపడితే బాటీ గొంతు దిగదు.

కోటలో తిరుగుతుంటే తెలంగాణ పల్లెల్లో కూలిపోతున్న గడీలు కళ్ళముందు మెదులుతాయి. దోమకొండ కోటను బాగుచేసుకుని 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం అందుకున్నది మనమే. చేతకానిది కాదు. మిగతా గడీలకూ ఆ పూనిక కావాలి, కప్పు నిలిచి ఉండగానే కావాలి.

కోట చూసి చాలామంది అటునుంచి అటే కారెక్కుతారు. దగ్గర్లోనే తొమ్మిది అంతస్తుల లోతున దిగే మెట్లబావి ఉంది. రాజుల కోట కన్నా ఊరి బతుకు ఎక్కువగా తెలిసేది అక్కడే: వానలు తక్కువైన నేలలో నీటికోసం ఎంత రాయి తవ్వి, ఎంత రాయి పేర్చారో ఒక్కో అంతస్తూ చెబుతుంది. అక్టోబరు, మార్చి నెలల మధ్య వెళితే ఎండ బాధ ఉండదు, రెండూ నింపాదిగా చూడొచ్చు.