ఉద్దానంలో ఒక పుల్లైసు బాకీ

జీడిపప్పు పొట్లం విప్పి నోట్లో వేసుకునేటప్పుడు, అది చెట్టుకి ఎలా కాస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? మా ఆఫీసులో ఒకాయన అది కూడా వేరుశనగలాగా భూమిలోనే ఊరుతుందనుకున్నాడు. ఆయన్ని చూసి నేను నవ్వలేదు. ఆ పప్పు వెనక ఎంత పని ఉందో పదిహేనేళ్లు వచ్చేదాకా నాకూ తెలీదు మరి.

మాది విజయనగరం. అమ్మమ్మ వాళ్లది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో, సముద్రం హోరు వినిపించే ఊరు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, మందస, పలాస... ఈ చుట్టుపక్కలంతా కలిపి ఉద్దానం అంటారు. ఉద్యానం అనే మాటే అలా మారిందని చెబుతారు. కొబ్బరి, జీడి, పనస, మునగ. ఎటు చూసినా తోటలే.

2009 వేసవి. పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. ఇంటర్ ఫీజుకి నాన్న దగ్గర డబ్బులు సరిపోవట్లేదని ఇంట్లో మాటలు వినిపించాయి. అమ్మమ్మ ఊళ్లో జీడితోట పనికి పోతానన్నాను. రోజుకి 60 రూపాయలు కూలి. పెద్దవాళ్లకి 80.

జీడిపళ్లు ఏరడం అంటే చెట్టెక్కి కోయడం కాదు. పండు పండితే తనంతట తానే రాలుతుంది. తెల్లారకముందే తోటలోకి పోయి, ఎండుటాకుల్లోంచి ఎర్రటివీ పచ్చటివీ ఏరాలి. పండు కింద వేలాడే పిక్కని మెలిపెట్టి తీసి బకెట్లో వేయాలి. పండుని అక్కడే పడేయాలి. పది గంటలకల్లా తోటంతా పులిసిన వాసన. గోవాలో అయితే ఆ పళ్లతో ఫెనీ కాస్తారు. మా దగ్గర పశువులు తినగా మిగిలినవి మట్టిలో కలిసిపోతాయి.

ఇంకో తమాషా. మనం పండు అనుకునేది అసలు పండే కాదు, ఉబ్బిన తొడిమ. అసలు కాయ ఆ పిక్కే. పోర్చుగీసువాళ్లు పదహారో శతాబ్దంలో బ్రెజిల్ నుంచి ఈ చెట్టుని మన దేశానికి తెచ్చారు. మనవాళ్లు చూసి జీడిమామిడి అన్నారు. చాకళ్లు బట్టలకి గుర్తు పెట్టే నల్లజీడి, మామిడి, ఇది... మూడూ ఒకే కుటుంబం. పుస్తకాలు చూసి పెట్టినట్టే ఉంది పేరు!

నన్ను ఒకామెకి జతగా వేశారు. వరసకి అప్ప అని పిలిచేవాణ్ణి. మా వైపు అక్కని అప్ప అంటారు. ఇద్దరికీ కలిపి ఒకటే బుట్ట. సాయంత్రం తూకం కూడా ఇద్దరిదీ కలిపే.

మొదటిరోజే లోపల పప్పు ఎలా ఉంటుందో చూద్దామని పచ్చి పిక్కని పళ్లతో కొరికాను. సాయంత్రానికి పెదవి బొబ్బెక్కింది. పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. బ్రేకు లైనింగుల్లో, రంగుల్లో వాడే నూనె అది. "కొరికీసినావేటి గుంటడా!" అని అప్ప కొబ్బరినూనె రాసింది. రోజూ పని మొదలెట్టే ముందు నా చేతులకి తనే రాసేది. ఏ ఆకుల్లో పిక్క దాక్కుంటుందో, ఏ కొమ్మకి ఎర్రచీమల గూడు ఉందో చూపించేది.

పదకొండింటికి సైకిల్ మీద ఐసు అబ్బాయి వచ్చేవాడు. గుప్పెడు పిక్కలిస్తే ఎర్ర పుల్లైసు. డబ్బులు అక్కర్లేదు. ఊళ్లో పిల్లలందరూ చేసే పనే. నేనూ చేశాను. రోజుకి ఒకటి, ఒక్కోరోజు రెండు. మా బుట్టలోంచే.

మూడో వారంలో మేస్త్రి మా తూకం రోజూ తగ్గుతోందని పట్టుకున్నాడు. పిల్లాడు దొంగతనం చేస్తాడని అతనికి తోచలేదు. నలుగురి ముందూ అప్పని నిలబెట్టి కొంగు దులపమన్నాడు. ఆమె దులిపింది. ఏమీ రాలలేదు. అయినా అరపూట కూలి, 40 రూపాయలు కోశాడు. నేను రెండడుగుల దూరంలోనే ఉన్నాను. నోరు విప్పలేదు. అప్ప నావైపు ఒక్కసారి చూసి తల తిప్పుకుంది. మర్నాడు కూడా నా చేతులకి నూనె రాసింది.

సెలవులయ్యాయి. ఫీజు కట్టాను. ఇంజినీరింగు, హైదరాబాద్, ఉద్యోగం.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఆ తీరాన్నే తాకింది. గంటకి 140 కిలోమీటర్లు దాటిన గాలి. కొబ్బరి, జీడి, పనస చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. అమ్మమ్మ అప్పటికి లేదు. మావయ్య పంపిన ఫొటోల్లో మేం ఏరిన తోట ఏదో కూడా గుర్తుపట్టలేకపోయాను.

మొన్న ఏప్రిల్‌లో పలాసలో రైలు దిగాను. విశాఖ నుంచి సుమారు మూడు గంటల ప్రయాణం. పక్కనే కాశీబుగ్గ. ఏ సందులోకి వెళ్లినా పిక్కలు ఉడికే వాసన. 80 కిలోల బస్తా పిక్కలు కొడితే సుమారు 20 కిలోల పప్పు వస్తుంది. బట్టీ, కటింగు, పైపొర తీయడం, గ్రేడింగు. ప్యాకెట్ మీద డబ్ల్యూ 320 అని చూస్తుంటారు కదా, అంటే ఒక పౌనుకి సుమారు 320 గుండు పప్పులని లెక్క. ఒక్క బద్ద అయినా ధర పడిపోతుంది. అందుకే పొర తీసే చేతులు అంత నెమ్మదిగా కదులుతాయి.

అప్ప ఆ చేతుల్లోనే ఒకటి. మావయ్య చెబితే వెతుక్కుంటూ వెళ్లాను. పని అయ్యేదాకా గేటు బయట నిలబడ్డాను. చూడగానే గుర్తుపట్టింది. టీ తాగుతూ చెప్పేశాను, ఆ పిక్కలు తీసింది నేనేనని.

"తెలుసు కదేటి. నీ నాలిక ఎర్రగా ఉన్నాది ఆ పూట."

"మరి ఎందుకు చెప్పలేదు అప్పా?"

"సెప్తే నిన్ను పనిలోంచి తీసీసేవోడు. నీకు సదువుకి డబ్బులు గావాల కదా. నాకు అరపూట కూలే కదాని ఒగ్గీసినాను." కాస్త ఆగింది. "కానీ అరపూటతో పోనేదురా. మరి రెండేళ్లు ఆ తోటకి నన్ను పిలవనేదు. దొంగముండ అన్నారు."

ఇన్నేళ్లూ ఆ తప్పు ఖరీదు 40 రూపాయలే అనుకుంటూ బతికాను.

జేబులోంచి రెండు వేలు తీసి ఇవ్వబోయాను. ఆమె నా చేతిలో నోట్లు చూసి తల అడ్డంగా ఊపింది. "ఆ నలభై ఇచ్చీ. అది నాది. రెండేళ్లది నువ్వు ఇవ్వలేవు."

నా దగ్గర చిల్లర లేదు. టీకొట్లో మార్పించి నాలుగు పదులు ఇచ్చాను. లెక్కపెట్టి కొంగుకి ముడేసుకుంది. అదే కొంగు కాదు గానీ, నాకు అలాగే అనిపించింది.

మర్నాడు మావయ్యతో తోటకి వెళ్లాను. తుపాను తర్వాత నాటిన అంటుమొక్కలు. మూడో ఏడు నుంచే కాపు మొదలవుతుందట. నా భుజం ఎత్తు కొమ్మలకే పళ్లు వేలాడుతున్నాయి. కింద ఒక పిల్లాడు బకెట్‌తో ఏరుతున్నాడు. పక్కన వాళ్లమ్మ.

మీరూ వెళ్లండి. ఏప్రిల్‌లో అయితే తోటలు పళ్లతో ఉంటాయి. మందసలో దిగి కోవా తినండి, బారువ బీచ్‌లో సాయంత్రం గడపండి. కాశీబుగ్గలో జీడిపప్పు కొనేటప్పుడు బేరమాడాలనిపిస్తే ఒక్క నిమిషం ఆగి, ఆ గుండు విరగకుండా పొర తీసిన వేళ్లని గుర్తుచేసుకోండి. పచ్చి పిక్కని మాత్రం కొరక్కండి.