ఐదువేలు మాత్రమే

స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్ సిలిండర్‌ని పక్కకి తెరిస్తే, అప్పటిదాకా దాని చాటున ఉన్న ఫ్రేమ్ మీద మోడల్ నంబర్ కనిపిస్తుంది. 1957 నుంచీ ఇదే పద్ధతి. 24-3 అని ఉందనుకోండి: 24వ మోడల్, మూడో మార్పు. అంటే మన సాఫ్ట్‌వేర్ భాషలో వెర్షన్ నంబర్! రిలీజ్ నోట్స్ రాయమంటేనే బద్ధకించే నాకు, ఉక్కు మీద వెర్షన్ కొట్టి పంపేవాళ్లని చూస్తే ముచ్చటేసింది.

ఈ 24-3ని కంపెనీ మామూలుగా అమ్మింది 4, 6.5 అంగుళాల బ్యారెల్స్‌తో. మూడంగుళాలది కూడా ఒకటుంది. దాన్ని అడిగి చేయించుకున్నది మాసచుసెట్స్‌కి చెందిన లూ హోర్టన్ అనే డిస్ట్రిబ్యూటర్, 1983లో. అమెరికాలో తుపాకీ ఫ్యాక్టరీ నుంచి సాధారణంగా డిస్ట్రిబ్యూటర్‌కి, అక్కడినుంచి కొట్టుకి వెళ్తుంది. కాబట్టి ఏది అమ్ముడుపోతుందో, కొనేవాళ్లు ఏది లేదని గొణుగుతున్నారో ముందు తెలిసేది మధ్యలో ఉన్నవాడికే. అతను వెళ్లి "పొట్టి బ్యారెల్, గుండ్రటి పిడి పెట్టండి, ఇన్ని నేను తీసుకుంటాను" అంటాడు. ఫ్యాక్టరీకి నష్టభయం లేదు. అతను తీసుకున్న లెక్కే ఎడిషన్ సైజు అయి కూర్చుంటుంది. ఇక్కడ అది 5,000. రచయిత పేరు కవర్ మీద ఉంటుంది. ఆ పుస్తకం రాయించిన సంపాదకుడి పేరు మాత్రం తెలిసినవాళ్లకే తెలుస్తుంది. ఇదీ అలాంటిదే.

నన్ను ఇందులోకి లాగింది మా పక్కింటి పెద్దాయన. తన దగ్గరున్నవన్నీ ఒక స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించి పెట్టమన్నాడు. నా వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ కలిగి ఉండటం, వేట లైసెన్సు లాంటి మినహాయింపులుంటే తప్ప, ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. అందుకని ముట్టుకోనని ముందే చెప్పేశాను. ఆయన చదువుతాడు, నేను టైప్ చేస్తాను. సీరియల్ నంబర్, బ్యారెల్, పెట్టె ఉందా, పెట్టె మీది లేబుల్ తుపాకీతో సరిపోతోందా, కాగితాలున్నాయా, ఫ్యాక్టరీ లెటర్ ఉందా. ఆ లెటర్‌లో తుపాకీ ఏ రోజున ఎవరికి పంపారో ఉంటుంది. బ్యారెల్ మొదటినుంచీ పొట్టిదేనా, మధ్యలో ఎవరైనా మార్చారా అన్న గొడవ దాంతో తేలిపోతుంది.

నా మట్టుకు నాకు ఈ 24-3 మంచి ఎడిషన్ అనిపిస్తుంది. ఎవరికో నిజంగా కావాల్సి వచ్చి పుట్టింది. లూయిజియానాలోని లిప్సీస్ అనే డిస్ట్రిబ్యూటర్ రూగర్ చేత చేయించిన .44 స్పెషల్ ఫ్లాట్‌టాప్ కూడా ఈ కోవలోదే. ఉన్నదానికే కాస్త నగిషీ చెక్కి, చెక్కపెట్టెలో పెట్టి "ఇన్నిట్లో ఒకటి" అని ముద్ర కొట్టేవి మాత్రం వేరు. అరుదుగా ఉండటం తప్ప వాటికి వేరే పని లేదు. మన దగ్గర సంతకం చేసిన ప్రత్యేక ప్రతులని అమ్మే పుస్తకాల్లో కూడా ఇలాంటివి చూశాం కదా.

ఇంకో కాలమ్ ఉంది: సిలిండర్ గీత. సిలిండర్ తిరిగేకొద్దీ దాని చుట్టూ సన్నటి గీత పడుతుంది. గీత ఉంటే ధర తగ్గుతుంది. అందుకని ఆయన ఊరికే కూడా తిప్పడు. "పేల్చలేదు, పేల్చలేదు" అని వరసగా కొడుతుంటే నాకు వింతగా హాయనిపించింది. ఆ వారమే మా పాపకి కిండర్‌గార్టెన్‌లో లాక్‌డౌన్ డ్రిల్. లైట్లు తీసేసి, మూల కూర్చుని, చప్పుడు చెయ్యకూడదట. ఇంటికొచ్చి ఎంత నిశ్శబ్దంగా కూర్చుందో చూపించింది. అలాంటిచోట, పేలిస్తే విలువ పోయే తుపాకీ అంటే భలే ఆలోచన కదా అనుకున్నాను.

అదే మాట ఆయనతో అన్నాను. నవ్వలేదు. వీటిల్లో పనిచెయ్యనిది ఒక్కటీ లేదన్నాడు. పేల్చకుండా ఆపుతున్నది తను కట్టిన ధరేనట. కొత్తగా కొనుక్కున్నవాడు ఆ ధరని లెక్కచెయ్యకపోతే అంతే. ఈ జాబితా కూడా అమ్మడానికే. కూతురికి ఇద్దరు చిన్నపిల్లలు, తన ఇంట్లో వద్దని చెప్పేసింది. ఆమె చెప్పింది సబబే అన్నాడు.

అమ్మే ముందు కొనేవాళ్ల గురించి వాకబు చేస్తారా అని అడిగాను. లైసెన్సున్న డీలర్‌కే ఇస్తాను, ఆ తర్వాత ఎవరికి వెళ్తుందో నా చేతిలో లేదు అన్నాడు. తర్వాతి పెట్టె తీసి, లేబుల్ వెలుగులోకి తిప్పి, నంబర్ చదవడం మొదలుపెట్టాడు.