సగం ఇల్లు అమ్మబడును

ప్రకటనలో ఏం రాయాలో తోచక మూడు రోజులు ఊరుకున్నాను. "మారుతీ ఓమ్నీ, 2013 మోడల్, పెట్రోల్" వరకూ బాగానే వచ్చింది. ఆ తర్వాత ఏమనాలి? క్యాంపర్ వ్యాన్ అంటే అబద్ధం. మామూలు వ్యాన్ అన్నా అబద్ధమే. వెనక సీట్లు లేవు. వాటి బదులు ప్లైవుడ్ మంచం, దాని కింద సామాను అర, ఓ పక్కన చిన్న వంటగట్టు. ఆ గట్టులో సింకు కోసం గుండ్రంగా కోసిన రంధ్రం. సింకు మాత్రం ఎప్పటికీ రాలేదు.

2021లో, వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో, నేనూ నా రూమ్మేటూ చెరి సగం వేసుకుని కొన్నాం. 1984లో మారుతీ వ్యాన్‌గా మొదలై 2019లో తయారీ ఆగిపోయిన బండి. ముందు సీట్ల కింద 796 సీసీ ఇంజను. మన సినిమాల్లో కిడ్నాపులన్నీ ఇందులోనే జరుగుతాయి కాబట్టి మా అమ్మకి మొదట్నుంచీ నచ్చలేదు. గండికోట, లంబసింగి, ధనుష్కోటి అని మ్యాప్ మీద గుర్తులు పెట్టి గోడకి అంటించాం. వెళ్లింది మాత్రం ఒక్కసారే, వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలకి. రాత్రంతా దోమలు. కాళ్లు చాపితే వాడి తల డోరుకి తగిలేది. అంతగా నవ్వుకున్న రాత్రి మళ్ళీ రాలేదు.

తర్వాత వాడికి పూనేలో ఉద్యోగం, పెళ్లి, పాప. గొడవేం పడలేదు. ఫోన్లు తగ్గాయి, అంతే. అమ్మేద్దామా అని అడిగితే "నీ ఇష్టం రా" అన్నాడు. వద్దంటాడేమోనని ఆశపడ్డానని ఆ మాట విన్నాకే తెలిసింది.

మొదట ఓ డీలర్ వచ్చాడు. "ఈ కట్టెలన్నీ పీకి సీట్లు బిగించండి సార్, ఇంకో పదివేలు వస్తాయి." అతను చెప్పిందాంట్లో తప్పు లేదు. ఆర్సీలోని వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం, సెక్షన్ 52 చెబుతుంది. మేం అది చదివింది ప్లైవుడ్ కోశాక. అదృష్టం కొద్దీ పాత సీట్లు డాబా మీద టార్పాలిన్ కింద ఉన్నాయి.

ఆదివారం ఉప్పల్ నుంచి ఓ భార్యాభర్తలు వచ్చారు. టిఫిన్ బండి నడుపుతారట. ఆవిడ రంధ్రంలో చెయ్యి పెట్టి చూసింది.

"గీ బొక్క ఎందుకు కోసిన్రు తమ్మీ?"

"సింకు పెడదామని అక్కా."

"మా పిండి గంజు మంచిగ కూసుంటది. పొయ్యి గా మూలకు పెట్టుకుంటం."

ఆ మూలలోనే, ప్యానెల్ వెనక, నేను ప్రకటనలో "వైరింగ్ పూర్తి" అని రాసిన వైరింగ్ ఉంది. లైట్ల కోసం రెండో బ్యాటరీ పెట్టి, వీడియోలు చూసి మేమే చేశాం. బ్యాటరీ దగ్గర ఫ్యూజు వేయలేదు. ఓ రాత్రి వైరు మీది ప్లాస్టిక్ కరిగి వాసనొస్తే, టేపు చుట్టి పైన చెక్క బిగించేశాం.

లక్షా పదివేలకి ఒప్పుకుని అన్న అడ్వాన్సు తీస్తున్నాడు. గ్యాసు సిలిండర్ పక్కన ఆ వైరు కళ్ళ ముందు మెదిలింది. స్క్రూడ్రైవర్ తెచ్చి చెక్క విప్పి చూపించాను.

అన్న చాలాసేపు చూశాడు. "ముందుగాల ఎందుకు చెప్పలే?"

నా దగ్గర జవాబు లేదు. పన్నెండు వేలు తగ్గించాను. సాయంత్రానికల్లా వైర్లన్నీ పీకేసి, రెండో బ్యాటరీ దింపేశాను. సెక్షన్ 52 గురించి కూడా చెప్పి, పాత సీట్లు వాళ్ళకే ఇచ్చాను. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి, పద్నాలుగు రోజుల గడువు దాకా ఆగకుండా ఆర్టీవో ఆఫీసుకి నేనూ వెళ్లాను. ఆర్సీలో పేరున్నవాడే ఓనరు అని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది. పేరు మారకపోతే ఆ బండికి ఏం జరిగినా బాధ్యత నాదే.

వాడి వాటా పంపి, ఆరు వేలు ఎందుకు తగ్గాయో చెబుదామని ఫోన్ చేశాను. కాసేపు ఏం మాట్లాడలేదు.

"ఆ టేపు చుట్టింది నేనే కదరా," అన్నాడు.

ఆ రోజు నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం. వ్యాన్ గురించి మొదటి ఐదు నిమిషాలే.