నీటి అడుగున ధీమా ఎంత?

2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో డిగ్నాబాద్ ఒక పేట. ఈ ఊళ్లో ఎక్కడున్నా సముద్రం ఎంతో దూరం కాదు. రేవులో పడవెక్కితే నార్త్ బే. పాత 20 రూపాయల నోటు వెనక కనిపించే తీరం అదే. అక్కడ స్కూబా డైవింగ్‌కు ముందు పర్యాటకులు ఓ కాగితంపై సంతకం చేస్తారు. ఏం జరిగినా బాధ్యత తమదేనని దాని సారాంశం. చాలామంది చదవరు. ఇంట్లో బీరువాలోని జీవిత బీమా పాలసీనైతే అసలే చదివి ఉండరు.

సరదాగా ఒక్కసారి మునిగితే బీమా కంపెనీలు పెద్దగా పట్టించుకోవు. తరచూ మునిగేవారినే ఎంత లోతు, ఏడాదికి ఎన్నిసార్లు, సర్టిఫికెట్ ఉందా అని ఆరా తీస్తాయి. తొలి స్థాయి సర్టిఫికెట్‌కు హద్దు 18 మీటర్లు. 40 మీటర్లు దాటితే అది వినోదం లెక్కలోకే రాదు. ప్రీమియం పెరగొచ్చు, దరఖాస్తే తిరిగి రావచ్చు.

అసలు మెలిక ప్రమాద బీమా రైడర్‌లో ఉంది. పర్వతారోహణ, రేసులు, సాహస క్రీడల్లో పోయిన ప్రాణానికి ఎల్‌ఐసీ రైడర్ సాధారణంగా వర్తించదు. మూల పాలసీ సొమ్ముకు ఢోకా లేదు, దరఖాస్తులో నిజం చెప్పి ఉంటే. దాచితే, బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల లోపు కంపెనీ పాలసీనే ప్రశ్నించవచ్చు.

పర్యాటకుడికి ఇది సరదా. అతని చేయి పట్టుకుని రోజూ నీళ్లలోకి దిగే శిక్షకుడికి బతుకుతెరువు. దరఖాస్తులో అతను డైవింగ్‌ను రాయాల్సింది అభిరుచి గడిలో కాదు, వృత్తి గడిలో. అదనపు ప్రీమియం బరువు ఎక్కువగా పడేదీ అతని మీదే.